చొప్ప మిషను మీద పంచాయతీ

మా అత్త చొప్ప నరకాలంటే కత్తి ఒక్కటే ఉంటే చాలదు, నేను కూడా ఉండాలి. సాయంత్రం కొట్టం ముందు మొద్దు వేసుకుని ఆమె కూర్చుంటే, ఎదురుగా కూర్చుని జొన్నచొప్ప అందివ్వడం నా పని. ఒక్కో వేటుకు నా తప్పు ఒకటి బయటపడేది. పప్పులో ఉప్పు తక్కువైంది, టక్. దూడ విడిపించుకుని పాలన్నీ తాగింది, టక్. మీ అవ్వ నీకేం నేర్పింది, టక్ టక్. రెండు బర్రెలకు మేత తయారయ్యేసరికి గంటన్నర పట్టేది. ఈలోపు తంగళ్ళపల్లిలో ఉన్న మా అమ్మ మొదలు పుట్టింటివాళ్ళంతా చొప్పతోపాటు ముక్కలై గంపలో పడేవాళ్ళు.

మా ఆయన అప్పుడు మస్కట్‌లో ఉండేవాడు. అత్తమ్మకు చేతులు నొస్తున్నాయి, కరెంటు మిషను కొందామని ఉత్తరం రాసి ఆయన్ను ఒప్పించాను. ఆమె చేతులు నొచ్చేది నిజమే. నా చెవులు అంతకంటే ఎక్కువ నొస్తున్న సంగతి మాత్రం చెప్పలేదు. మా తమ్ముణ్ణి వెంటబెట్టుకుని కోరుట్ల పోయి, మిషను కొని, ట్రాక్టరులో వేయించుకుని పెగడపల్లి దగ్గరున్న మా ఊరికి తెచ్చాను.

మొదటి రోజు కొంగు బొడ్లో గట్టిగా దోపుకుని స్విచ్చు వేశాను. చొప్ప ఇటు నుంచి పెడితే పళ్ళచక్రాలు లాగేసుకుని అటు నుంచి ముక్కలు కుమ్మరించాయి. ఇల్లు అదిరేంత చప్పుడు. ఆ చప్పుడు నాకేం కొత్త? సిరిసిల్ల పక్కన పుట్టినదాన్ని, మగ్గాల మోత వింటూ నిద్రపోయినదాన్ని. అత్త గడప మీద కూర్చుని ఏదో అంటోంది. నోరు కదులుతోంది గానీ ఒక్క మాటా వినపడదు. నేను చక్కగా తలూపాను. పది నిమిషాల్లో పని అయిపోయింది. పెళ్ళయిన ఏడేళ్ళలో అంత ప్రశాంతమైన సాయంత్రం నేను చూడలేదు.

అత్త ఊరుకునే మనిషి కాదు. "బర్రెలకు దేవుడు పండ్లెందుకిచ్చిండే? గీ ముక్కలు తింటే ఒట్టిపోతయ్, సూడు" అంది. అవి ఒట్టిపోలేదు, పాలు ఓ గ్లాసెడు ఎక్కువే ఇచ్చాయి. చివరికి పెద్ద అస్త్రం తీసింది. "మిషను తీస్తవా, అన్నలకు చెప్పాల్నా?"

ఆ రోజుల్లో గట్టు తగాదా నుంచి తాగొచ్చి కొట్టే మొగుడి దాకా అన్ని పంచాయతీలూ అడవి నుంచి వచ్చే అన్నల దగ్గరికే పోయేవి. భుజాన తుపాకీ పెట్టుకున్నవాడి తీర్పు మీద అప్పీలు చేసేదెవరు? మిషను పోతే ఆ గంటన్నర మళ్ళీ నా నెత్తిన పడుతుంది. నిజంగానే భయపడ్డాను.

ఒకరోజు పొద్దుగూకే వేళ వాళ్ళు రానే వచ్చారు. ఒకాయన, ఒక అమ్మాయి. అన్నం పెట్టమన్నారు. నేను ఎసరు పెడుతుంటే, వాళ్ళు కాళ్ళు కడుక్కోకముందే అత్త కేసు విప్పింది.

"కొడుకా, నాకు న్యాయం జేయాలె. నా కోడలు చొప్ప మిషను తెచ్చింది."

"తెస్తే ఏమైందే అవ్వా? బర్రెలు తింటలేవా?" అని అడిగాడాయన.

"తింటున్నయ్."

"పాలు తగ్గినయా?"

అత్త నా వైపు చూసింది. ఆమె నోరు చెడ్డదే గానీ అబద్ధమాడదు. "లేదు. పెరిగినయ్."

"మరి నీకేం నష్టమైంది?"

అత్త కొంగుతో మొహం తుడుచుకుంది. "గా మిషను వచ్చిన కాన్నుంచి నాతోని ఎవ్వలు మాట్లాడుతలేరు కొడుకా."

ఆ అమ్మాయి నోటి దగ్గరికి ఎత్తిన నీళ్ళ చెంబు దించేసింది. నాకు సిగ్గేసింది. ఏడేళ్ళుగా నేను తిట్లనుకున్నవాటిని ఆమె మాట్లాడుకోవడం అనుకుంటోంది.

తీర్పు ఆ అమ్మాయే చెప్పింది. "మిషను ఉండనీయ్ అన్నా. పనైనంక అక్క రోజు అర్ధగంట అవ్వ ముందట కూసోవాలె. అవ్వ చెప్పింది ఇనాలె."

"ఏం చెప్పినా ఇనాల్నా?" అన్నాను.

"ఇనాలె."

"ఎదురు చెప్పద్దా?"

"చెప్పచ్చు. లేచి పోవద్దు."

మరునాడు పొద్దున్నే పోలీసు జీపు వచ్చింది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. "ఏం చెప్పి పోయిండ్రు?" అని సారు గద్దించాడు.

"రోజు అర్ధగంట అత్తమ్మ మాట ఇనుమన్నరు సార్."

వెక్కిరిస్తున్నాననుకుని ఆయన కళ్ళెర్రజేశాడు. అత్త ముందుకొచ్చి, "నిజమే సార్, మీరు గూడ జెర గట్టిగ చెప్పుండ్రి" అంది. ఆయన టోపీ తీసి తల గోక్కున్నాడు. "ఇనమ్మా" అని నాతో అని జీపెక్కాడు. ఆ కాలంలో రెండు పక్షాలూ ఒక్క మాట మీద నిలబడ్డది మా ఇంటి విషయంలోనేనేమో.

ఆ సాయంత్రం చొప్ప కోసి, స్విచ్చు ఆపి, పళ్ళు బిగబట్టి అత్త ఎదుట కూర్చున్నాను. ఆమె సర్దుకుని కూర్చుంది, గొంతు సవరించుకుంది. ఉప్పు మాట వస్తుందని ఎదురుచూశాను. ఏదీ రాలేదు. చేతిలో కత్తి లేక ఎక్కడ మొదలుపెట్టాలో ఆమెకు తెలియనట్టుంది. చాలాసేపటికి, "మస్కట్ల బర్రెలుంటయా?" అని అడిగింది.

"ఉండయనుకుంట అత్తమ్మా."

"మరి వాడు పాలెట్ల తాగుతున్నడు?"

"డబ్బా పాలట. ఉత్తరంల రాసిండు."

"ఉత్తరం ఎప్పుడచ్చింది?"

వచ్చి పన్నెండు రోజులైంది. ఆమెకు చదువు రాదు. ఎప్పటిలాగే ఒక్కదాన్నే చదువుకుని, మంచిగున్నాడట అని ఒక ముక్క చెప్పి దాచేసుకున్నాను. ఇప్పుడు లోపలికి పోయి తెచ్చి, ఒక్క అక్షరం వదలకుండా చదివాను. చివరి మాట దగ్గర ఒక్కసారి అత్త మొహం చూశాను. అదీ చదివాను. "అవ్వకు చదివి వినిపించు."

అత్త ఆ కాగితం వైపే చూస్తూ, "అన్ని ఉత్తరాల్ల గట్లనే రాస్తడా?" అంది.

"ఆఁ అత్తమ్మా."

ఆమె నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండునని మొదటిసారి అనిపించింది.

"ఎన్నున్నయ్?"

"ఇరవై దాకుంటయ్."

"అన్ని తే" అంది.