జర ఆగుండ్రి సారూ

టీవీల ఆయన కనబడ్డప్పుడల్లా మా మనుమరాలు వంటింట్ల ఉన్న నన్ను ఒర్రి పిలుస్తది: "అమ్మమ్మా, నీ కొడుకొచ్చిండు!" ఆ నటుడు నాకంటె ఆరేండ్లు పెద్దోడు. నేను ఆయన్ని అన్నా అనే పిలుస్త. అయినా స్టేజి మీద మాత్రం ఆయనకు తల్లిని నేనే. ఇరవై రెండేండ్లకే నా మొఖాన తల్లి వేషం రాసిపెట్టి ఉండె. మనిషిని జర లావు, గొంతు మొద్దు, ఇగ నాకు రాణి వేషం ఎవడిస్తడు? జనగామల మా నాటక సంఘం గదిల నా నెత్తికి తెల్ల పౌడరు పూస్తాంటె ఆ అద్దం పగలగొడుదామన్నంత మండేది.

ఆ మంట చల్లార్పింది ఆయనే. మహబూబాబాద్ల దర్జీ ఇంటి బిడ్డ. మేం కట్టే దేవుని బట్టలన్నీ వాళ్ల నాయిన మిషను మీద కుట్టినయే. ఇంట్ల దక్కనీ ఉర్దూ, బజార్ల మన తెలుగు, స్టేజెక్కితె పద్యాల తెలుగు. కిరీటం పెట్టుకొని ఆయన రాగం ఎత్తుకున్నడంటె ముందు వరుసల కూసున్న పంతులు సుత కండ్లు మూసుకొని తలకాయ ఊపేటోడు. నేను తెర పక్కన నిలబడి నా వంతు మర్చిపోయిన రోజులున్నయి. దాని మీద తిట్లు తిన్న రోజులు గూడ ఉన్నయి.

"వేషం మొఖానికి గాదు చెల్లే, ముందుగాల చెవులకు కట్టాలె" అనేటోడు. ఉత్త మాట గాదది. మహబూబాబాద్ నుంచి జనగామకు రైల్ల వస్తే సీటు దొరికినా కూసోకపోయేటోడు. తలుపు కాడ నిలబడి మంది మాటలు వినేటోడు. ఒకపారి నర్సింహులపేట సంతల మిర్చి బేరం జేసే ముసలాయన దగ్గు పట్టుకొచ్చి రాజు వేషానికి పెట్టిండు. సంఘం పెద్దలు కయ్యిమన్నరు, రాజుకు దగ్గేందని. నాటకమైనంక వాళ్లే వచ్చి, ఆ దగ్గుతోనే రాజు మనిషిలెక్క అనిపించిండని భుజం తట్టిండ్రు. మరి ముందుగాల కయ్యిమనుడెందుకో!

నాకు తల్లి వేషం నేర్పింది సుత గట్లనే. "ఏడుపు తర్వాత నేర్చుకుందువు గని, పోయి మా అమ్మ ఎట్ల నడుస్తదో చూసి రా" అని వాళ్లింటికి తోలిండు. పొద్దుందాక ఆమె పక్కన కూసున్న. ఆమెకు ఒక మోకాలు నొప్పి. లేవాలంటె మోకాలు మీద చెయ్యి ఆనిచ్చి, ఒక్క క్షణం ఆగి, అప్పుడు లేచేది. వాకిట్లకు దిగేటప్పుడు ఒక్కో మెట్టు మీద రెండు కాళ్లూ ఆనిచ్చి దిగేది. ఎవ్వల మొఖమన్న చూసే ముందు నెత్తి మీద కొంగు సదురుకునేది, చూసినంక మొదటి మాట "తిన్నవా బేటీ?" అనే. గా నడక నడిచే నేను పేరు తెచ్చుకున్న. చప్పట్లు నావి, మోకాలు ఆమెది.

వాళ్ల నాయిన దవాఖానల సచ్చిపోయిండు. దాని గురించి ఆయన ఒక్క మాట చెప్పలే, మేం అడుగలే. గని అప్పటి సంది మనిషి మారిండు. పొద్దున లేస్తే పేపరు చేతవట్టుకొని ఆంధ్రోళ్ల తీరుగ గట్టిగ చదువుడు, రేడియోల వార్తలు చదివేటోళ్ల వెంబడి పలుకుడు. 'వచ్చిండు' పోయి 'వచ్చాడండీ' అయ్యింది. నాకు తిక్కలేసింది.

"ఏమన్నా, మన మాటకేం రోగమొచ్చింది?"

"మన మాటతోని అడిగితె ఎవ్వలూ వినరు చెల్లే" అన్నడు. అంతే, మల్ల పేపరు తీసిండు.

నాకైతె వాతపెట్టినట్టయింది. నెలల కొద్ది ఆయనతోని మాట్లాడలే. స్టేజి మీద తల్లిగ కౌగిలించుకునుడు, దిగినంక మూతి ముడుసుకునుడు. గంత మొండిదాన్ని నేను.

ఆయన హైదరాబాద్ పోయిండు. సినిమాల వేషాల కోసం ఎన్ని గుమ్మాలెక్కిండో ఆయనకే ఎరుక. ఆఖరికి ఒక డైరెక్టరు ముందట నిలబడి, నేర్చుకున్న తెలుగుల డాక్టరు వేషం మాటలు గడగడ చెప్పిండట. ఒక్క అక్షరం తప్పు పోలే. అంతా విని ఆ డైరెక్టరు ఏ ఊరని అడిగి, "మీది తెలంగాణ కదా? డాక్టరు వద్దులే, పనోడి వేషముంది. మీ యాసలో ఏదో ఒకటి అను, నోటికొచ్చింది" అన్నడట. నోటికొచ్చిందే అన్నడు మా అన్న. అక్కడున్నోళ్లందరు పొట్ట పట్టుకొని నవ్విండ్రు. గా మాటనే సినిమాల పెట్టిండ్రు.

సినిమా మహబూబాబాద్కు వస్తె వాళ్లమ్మను తోలుకొని నేనే పోయిన. తెర మీద దొరగారి కారు పోతాంటది. లుంగి ఎగ్గట్టి పనోడు ఎనుకంగ ఉరుకుతడు: "జర ఆగుండ్రి సారూ, మా అమ్మొస్తాంది!" చంకల కోడిపుంజుతోని ఆ పనోని తల్లి ఉరికొస్తది. టాకీసు టాకీసంతా ఒక్కటే నవ్వుడు. అందరికంటె ఎక్కువ నవ్వింది నేనే. కండ్లల్ల నీళ్లొచ్చేదాక నవ్విన, ముందు కుర్చీ మీద కొట్టి మరీ నవ్విన. అంత చక్కగ చేసిండు మల్ల! పక్కకు జూస్తె ఆమె మోకాలు మీద చెయ్యి ఆనిచ్చి లేస్తాంది.

"ఏమైంది అమ్మా?"

"తలనొస్తాంది బేటీ. నువ్వు జూసి రా" అన్నది. బయటికి పోయి మెట్ల మీద కూసున్నది. నేను పోలే. సినిమా అయ్యేదాక లోపల్నే కూసున్న. ఈ మాట రాసుడు నాకిప్పటికీ కష్టమే.

ఆ మాట ఊరూరికి ఎక్కింది. బస్సుల కండక్టరు ఆపుమన్నా అదే, పెండ్లిల ఫోటో తీస్తానన్నా అదే. ఇగ ఆయనకన్నీ గా పనోని వేషాలే. గని నేను కడుపునిండ ఒకటి చెప్పుత: ఎన్నిసార్లు చేసినా ఒక పనోని తీరు ఇంకో పనోనికి లేకుండె. ఒకనికి చెవుడు పెట్టిండు, ఒకనికి సిగ్గు పెట్టిండు. ఎంగిలి ముక్కలసొంటి వేషాలు విసిరినా ఇజ్జత్గ, పరువుతోని తిన్నోడు మా అన్న.

ఆ తర్వాత కొన్నేండ్లకు వాళ్లమ్మ పోయింది. ఆ వెనుకనే తెలంగాణ ఉద్యమం ఊపందుకున్నది. ఎక్కడ జూసినా దీక్షల టెంట్లే, పాటలే. మన మాటను సినిమాలల్ల ఎక్కిరించినోళ్ల మీద జనం పండ్లు కొరుకుతున్న రోజులు. గప్పుడు ఆయన ఫోన్ జేసిండు.

"చెల్లే, భూపాలపల్లి టెంటుల చిన్న నాటకమాడుదాం. ఒక్క కొడుకు, ఒక్క తల్లి. మనోళ్లు నన్ను నిలబడనిస్తే ఉంట. దిగుమంటె ఇగ జన్మల మొఖానికి రంగు పూయ."

ఆ గొంతు వింటె నాకు భయమేసింది. నేను జిద్దుకు పోయి మల్ల మెత్తవడేదాన్ని గని ఆయన అట్ల కాదు. అన్నడంటె చేసుడే.

పట్టపగలు, ఎండ మండుతాంది. టెంటు కింద బాయి పని బందువెట్టి కూసున్న బొగ్గు కార్మికులు, వాళ్ల ఇండ్లోళ్లు, ఘనపూర్ దిక్కు నుంచి ట్రాక్టర్లల్ల వచ్చిన రైతులు. నేను నెత్తికి పౌడరు పూసుకొని ఎనుక కట్టిన చీర సాటున కూసున్న. ఆయన ముందటికి పోయి దండం పెట్టిండో లేదో, లొల్లి షురువైంది.

"ఈడేనురా మన భాషను నవ్వులపాలు జేసింది!"

"దిగు! దిగు!"

ఎవడో ఆ సినిమా మాటనే ఎక్కిరించుకుంట ఒర్రిండు: "జర ఆగుండ్రి సారూ!" అందరు నవ్విండ్రు. అదే నవ్వు, టాకీసుల నవ్వే. ఇంట గెలిచి రచ్చ గెలువుమంటరు. మా అన్న రచ్చ గెలిచొచ్చి ఇంట్ల ఓడిపోతాండు. ఉరికి పోయి మైకు గుంజుకొని అందర్ని కడిగేద్దామనిపించింది.

ఆయన కదలలే. లొల్లి కొద్దిగ తగ్గేదాక నిలబడ్డడు. మైకు పక్కన పెట్టిండు.

"తప్పు నాదే" అన్నడు. "గని ఆ మాట సినిమా కోసం పుట్టియ్యలే. మా అబ్బాజాన్ దవాఖానల పోయిన పొద్దు నేనన్న మాట అది. అమ్మ బట్టలు తెస్తనని ఇంటికి పోయింది. ఆమె వచ్చేలోపట్నే దవాఖానోళ్లు శవాన్ని, శవాలుంచే చీకటి అర్రలకు తీస్కపోతాండ్రు. ఒక్కపారి మొఖం చూస్తదని బతిమిలాడిన. దవాఖాన సారు నా మాట విని, పక్క సారును జూసి నవ్విండు. ఆగలే. అమ్మ వచ్చినంక ఈ మాటంతా ఆమెకు చెప్పుకున్న. గా దినమే అనుకున్న, వాళ్ల తెలుగు నేర్చుకుంటనని. నేర్చుకున్న. ఆఖరికి నోటికొచ్చింది చెప్పుమంటె అదే వచ్చింది."

నా నెత్తి మీద పిడుగు పడ్డట్టయింది. ఆ టాకీసు మెట్లు, ఆమె మోకాలు, నా నవ్వు, అన్నీ ఒక్కపారి యాదికొచ్చినయి.

ఆయన నాటకం మొదలే పెట్టలే. చేతులు జోడించి, ఎవ్వల దిక్కు జూడకుండ, ఆ దవాఖానల అన్నట్టే అన్నడు. గొంతు పెంచలే.

"జర ఆగుండ్రి సారూ. మా అమ్మొస్తాంది."

ముందట కూసున్న ఒక ముసలవ్వ కొంగుతోని మొఖం తుడుసుకున్నది. దవాఖాన సారు అనవలసిన మాట ఆ అవ్వ అన్నది.

"ఆగుతం బిడ్డా. రానియ్యి."

పక్కనున్నోళ్లు గూడ అన్నరు, ఆగుతం, రానియ్యుండ్రని. ఆయన ఎనుకకు మర్లి నేనున్న చీర దిక్కు జూసిండు. అప్పుడు నాకు ఎరుకైంది, వాళ్లు ఆగుతున్నది నా కోసమేనని.

మోకాలు మీద చెయ్యి ఆనిచ్చి, ఒక్క క్షణం ఆగి, లేచిన. నెత్తి మీద కొంగు సదురుకొని, కొడుకు కాడికి నడిచిన.