పన్నెండు వాటాల తొక్కుడుబిళ్ళ

“గాజుపెంకు దిగితే? తుప్పు మేకు గుచ్చుకుంటే? పిల్లకి ధనుర్వాతం వస్తే పూచీ ఎవరిది?”

ఐదో వాటా బాల్కనీలోంచి ఇలా అడిగింది నీటి పరీక్షల ల్యాబులో పనిచేసే అమ్మాయి. చంకలో నాలుగేళ్ళ కూతురు. మేడ వెనక ఖాళీ స్థలంలో ఓ మూల ఊడుస్తూ, “పాపని ఆటకి పంపవే” అని కేకేసిన టైలరమ్మ తలెత్తి చూసింది.

“పూచీ నాదేలే. నువ్వు మాత్రం పిల్లని సీసాలో పెట్టి మూత బిగించకు.”

ఆ స్థలం పేరుకే ఆటస్థలం. పన్నెండు వాటాలవాళ్ళూ విరిగిన కుర్చీలు, పగిలిన సీసాలు అక్కడ పారేసి చేతులు దులుపుకున్నారు. ఎలాగూ చెత్తకుప్పే కదా, నెలాఖరు ఆదివారం మీటింగులో దాన్ని కార్ల షెడ్డు చేసేద్దామని సెక్రటరీగారి పట్టు. అదీ పోతే పిల్లలు ఆడుకోడానికి మిగిలేవి మెట్లే. పాప వాటి మీంచి పడుతుందేమోనని అమ్మాయి బెంగ. ఒక్కో మెట్టు ఎత్తూ ఆమె ఎప్పుడో కొలిచి పెట్టుకుంది.

టైలరమ్మది కింది వాటా. ముప్పై ఏళ్ళుగా కిటికీ పక్కన మిషను తొక్కుతూ మేడలో అందరి మెడలూ నడుములూ నోటుపుస్తకంలోకి ఎక్కించింది. ఆమె టేపు తీస్తే చాలు, ఎవరి చేతులైనా వాటంతటవే చాచుకుంటాయి. ఆ వారం చొక్కాకో పరదాకో వచ్చినవాళ్ళందరినీ చివర్లో, “ఏదీ, ఒంటికాలి మీద ఒక్క గెంతు గెంతండి” అంది. ఎందుకని ఒక్కరూ అడగలేదు. సెక్రటరీగారు ప్యాంటు ఎగలాక్కుని బుద్ధిగా గెంతారు. పాప గౌను పొడుగు చేయించడానికి వెళ్ళిన అమ్మాయి కూడా, నేల తడిగా లేదని చూసుకుని మరీ గెంతింది.

అందరి గెంతులూ అయిన మర్నాడు పొద్దున లేచేసరికి చెత్త మీంచే సున్నపు గీతలు! పన్నెండు గళ్ళ తొక్కుడుబిళ్ళ. ఏ వాటా గెంతు ఎంతో ఆ గడి అంత, మధ్యలో వాటా నంబరు. టైలరమ్మ తన గడి మాత్రం శుభ్రంగా ఊడ్చుకుంది. ఆటకి నియమం ఒకటే. బిళ్ళ పడ్డ గడిలో కాలు పెట్టే చోటు లేకపోతే, ఔటయ్యేది ఆడే పిల్ల కాదు, ఆ వాటావాళ్ళు.

ఇక పిల్లల గొంతులకి పట్టపగ్గాల్లేవు. “మూడో వాటా ఔట్! తొమ్మిదో వాటా తాతగారు ఔట్!” రెండో అరుపుకే తాతగారు పార పట్టుకుని దిగిపోయారు. నాలుగు రోజుల్లో పది గళ్ళు అద్దాల్లా అయ్యాయి. సెక్రటరీగారి గడిలో చక్రాల్లేని ఆయన స్కూటరు, ఐదో గడిలో గాజుపెంకులు మిగిలాయి.

“అమ్మా, మనం ఔటా?” అంది పాప, మొహం చిన్నబుచ్చుకుని.

అమ్మాయి ల్యాబు చేతితొడుగులు వేసుకుని దిగింది. ముప్పై ఒక్క పెంకులు ఏరింది. నమ్మకం కుదరక మళ్ళీ వెతికింది. ముప్పై రెండోది దొరికింది.

ఆదివారం మీటింగుకి సెక్రటరీగారు కొలత తాడు పట్టుకుని వచ్చారు. “నాలుగు గళ్ళు చాలు, కార్లు పడతాయి. ఎవరివి తీసుకోను?”

“మీది ఎలాగూ స్కూటరుకే ఇచ్చేశారుగా, దాంతో మొదలెట్టండి” అంది మూడో వాటా కోడలు.

“నా గడి జోలికొస్తే ఊరుకోను. తవ్వి తవ్వి నడుం పడిపోయింది” అన్నారు తాతగారు.

“మాదీ ఇవ్వం!” అని అందరికంటే గట్టిగా అరిచింది అమ్మాయే. అరిచాక తనే ఉలిక్కిపడింది.

పిల్లలు అదను చూసి అందుకున్నారు. “సెక్రటరీగారు ఔట్!”

ఆయన తాడు చుట్టేశారు. “సరే, ఎవరైనా ఈ స్కూటరుకి ఓ చెయ్యి వెయ్యండయ్యా.” అది తీశాక గడి చూసుకుని మొహం ముడిచారు. “ఏం టైలరమ్మా, అందరికంటే నాదే చిన్నదేం?”

“గెంతింది నువ్వే కదా తమ్ముడూ!”

ఇప్పుడు రోజూ సాయంత్రం అమ్మాయి మందుల డబ్బా మెట్టు మీద పెట్టి, చెప్పులు విడిచి, పాప వెనకే తన వంతు గెంతుతుంది. ఆ ఆదివారం పాప గెంతులు చూస్తూ గీత అవతల నిలబడ్డ ఆమెకి టైలరమ్మ బిళ్ళ చేతిలో పెట్టి చెప్పిన మాట ఇదే:

“చూస్తూ నిలబడితే పిల్ల పడిపోవడమే కనిపిస్తుందే అమ్మాయ్. నువ్వూ ఓ వంతు ఆడు.”