బుట్టలో పడ్డవన్నీ మగవే

మా అత్తయ్య తినే మామిడిపండు వేసవిలో పండదు.

వేసవిలో ఆవిడకి తినే తీరికుండదు. ఏప్రిల్‌లో బంగినపల్లితో మొదలై చిన్న రసాలు, కలెక్టర్ కాయలు వరసగా దిగుతుంటే ఆగిరిపల్లిలో మా ఇల్లు సత్రమైపోతుంది. కోతకొచ్చినవాళ్ళకి వంట, ఆవకాయ, మాగాయ, తాండ్ర, చుట్టాలకి బుట్టలు సర్దటం. మంచి కాయ అమ్మకానికి, దాని తర్వాతిది చుట్టాలకి, మచ్చపడ్డది ఇంట్లో పిల్లలకి. ఆ రెండు నెలలూ అత్తయ్య చేతులకి సొన అంటుకునే ఉంటుంది, నోటికి మాత్రం పండు అందదు.

అందరి సందడీ అయిపోయి, తొలకరి పడ్డాక, బోరు పక్కనున్న ఒక చెట్టు తాపీగా పండటం మొదలుపెడుతుంది. ఆవిడే ఎప్పుడో పారేసిన టెంక మొలిచి పెరిగిన నాటు రసం. దానికి పేరు లేదు, మార్కెట్టూ లేదు. ఎవరికీ అక్కర్లేదు గనక ఆ పళ్ళు ఆవిడవి. జూన్ నెలాఖరున మంచం మీద కూర్చుని ఆవిడ పండు తినటం ఈ ఇంటికొచ్చిన కొత్తల్లో చూశాను. తర్వాత్తర్వాత ఆ పళ్ళలో పురుగులు పడటం మొదలైంది. పైకి పండు నిగనిగలాడుతుంటుంది, లోపల తెల్లటి పురుగులు లుకలుకలాడుతుంటాయి.

పోయినేడు మే నెలలో మా బావగారు, అంటే మా ఆయన అన్నగారు, భోజనాల దగ్గర మాట తీశారు. తోట వ్యవహారం ఆయనదే.

"అమ్మా, ఆ చెట్టు ఈగలకి పుట్టిల్లయిపోయింది. అక్కడ పెరిగి తోటంతా పాకుతున్నయ్యి. ఈసారీ ఇలాగే ఉంటే కొట్టించేద్దాం."

"నీ ఇష్టం నాన్నా," అంది అత్తయ్య. ఆ పూట ఆవిడ మజ్జిగ వేసుకోకుండానే చెయ్యి కడుక్కుంది.

బావగారి మాటలో తప్పులేదు. కానీ నాకు రోషమొచ్చింది. నేను నూజివీడులో ఇంటర్ పిల్లలకి జువాలజీ చెబుతాను. పాఠం చెప్పుకుని బతికేదాని ఇంట్లో ఈగ గెలవటమేంటని మర్నాడే స్కూటీ మీద హనుమాన్ జంక్షన్ వెళ్ళి, పురుగుమందుల షాపులో ఎర బుట్టలు అరడజను తెచ్చాను. బుట్టంటే ప్లాస్టిక్ డబ్బా. లోపల మందులో నానబెట్టిన చెక్కముక్క ఉంటుంది. ఆ వాసనకి పండు ఈగలు వచ్చి, అక్కడే పడి చస్తాయి.

"ఏంటమ్మాయ్ ఇవి?" అంది అత్తయ్య.

"లింగాకర్షక బుట్టలండీ," అన్నాను. షాపులో అలాగే అంటారు, పుస్తకాల్లోనూ అదే మాట.

ఆవిడ చేతులు జోడించి కళ్ళకద్దుకుంది. "శివాలయంలో ఇచ్చారా?"

చెప్పాల్సింది అప్పుడే. లింగమంటే ఇక్కడ ఆడా మగా అన్న అర్థమనీ, ఈ వాసనకి మగ ఈగలే వస్తాయనీ, గుడ్లు పెట్టే ఆడఈగ దీని ముఖం కూడా చూడదనీ. క్లాసులో అరవైమంది పిల్లల ముందు తడుముకోకుండా చెప్పే ముక్క, ఇంట్లో అత్తగారి ముందు, పక్కన బావగారు పేపరు చదువుకుంటుంటే, నోరు దాటి రాలేదు. "అలాంటిదేనండీ," అని నసిగాను. ఆవిడ ఒక్కో బుట్టకీ కుంకుమబొట్టు పెట్టి మరీ కట్టించింది.

వారానికే డబ్బాల్లో ఈగలు గుట్టలు పడ్డాయి. అత్తయ్య వచ్చిన వాళ్ళందరికీ చూపించింది. నేనూ కాస్త మురిశానని ఒప్పుకోవాలి. జూన్‌లో పళ్ళు కోస్తే మాత్రం దాదాపు ప్రతి పండులోనూ మళ్ళీ అవే పురుగులు. ఒక మగఈగ మిగిలినా ఎన్నో ఆడఈగలకి చాలు. పైగా పక్క తోటలో కడుపైన ఆడఈగ ఎగిరొచ్చి, సూదిలాంటి తోకతో తొక్కకి చిల్లు పొడిచి గుడ్లు పెట్టిపోతుంది. నాకు తెలియని సంగతులు కావివి. బావగారు చెట్టుకొట్టే వాళ్ళకి ఫోన్ చేయబోతుంటే అడ్డుపడ్డాను.

"ఒక్క ఏడు ఆగండి బావగారూ."

"నీ మాట మీద ఆగుతున్నానమ్మాయ్. మళ్ళీ అడక్కు," అన్నారు.

ఆ సాయంత్రం చెట్టు దగ్గరికెళ్ళి మొదలు చుట్టూ చూశాను. రాలిన పళ్ళని అత్తయ్య దారిలో ఎవరి కాలికిందా పడనివ్వదు. ఏరి, ఆ చెట్టు పాదులోనే పోసి, పైన పలచగా మట్టి కప్పుతుంది. దాని కాయలు దానికే బలమని ఆవిడ లెక్క. మట్టి వేలితో కదిపితే వడ్లగింజ కన్నా చిన్న గోధుమరంగు గింజలు దోసిట్లోకి వచ్చాయి. పండులో పెరిగిన పురుగు రాలిన పండులోంచి బయటపడి, ఒళ్ళు ముడిచి గెంతి, మెత్తటి మట్టి చూసుకుని దిగుతుంది. అక్కడ ఈ గింజలాంటి గూడు కట్టి పడుకుని, ఈగై లేస్తుంది. ఇంత మంచి పురుడు గది దానికి ఇంకెక్కడ దొరుకుతుంది?

గుప్పెడు గింజలు మట్టితో సహా గాజు సీసాలో వేసి, మూతికి గుడ్డ కట్టి వంటింటి కిటికీలో పెట్టాను. పదిరోజులకి, ఒక ఆదివారం పొద్దున, గింజ ఒకటి విచ్చింది. లోపలున్న ఈగ నుదురు బుడగలా ఉబ్బించి, గింజ కొసని మూతలా తోసుకుని బయటికొచ్చింది. పాలిపోయి ఉంది, రెక్కలు తడిగుడ్డల్లా ముడతలు పడి ఉన్నాయి. అత్తయ్య బియ్యం చాట పక్కన పెట్టి చూస్తూ కూర్చుంది. రెక్కలు నెమ్మదిగా సాగాయి. ఒంటికి రంగెక్కాక భుజాల మీద రెండు పసుపు చారలు తేలాయి.

"పసుపు రాసుకున్న పెళ్ళికూతుర్లా ఉంది," అంది. "ఎక్కడివమ్మాయ్ ఇవి?"

"మీ చెట్టు పాదులోవేనండీ."

ఆవిడ సీసా ఎత్తి అడుగునున్న మట్టిని చూసింది. "అయితే నేనే పెంచానన్నమాట," అంది.

ఆ ముఖం చూస్తే నాకు ఏడుపొచ్చింది. తప్పు ఆవిడది కాదు. బుట్ట ఉందన్న ధైర్యంతోనే ఆవిడ ఆ ఏడూ నిశ్చింతగా పళ్ళు పోసింది, ఆ ధైర్యం ఇచ్చింది నేను. లింగం సంగతంతా, మగ ఈగల సంగతంతా, తలొంచుకుని చెప్పేశాను.

"మగవే చస్తాయని చెప్పటానికి సిగ్గేంటే పిచ్చిదానా? నలుగుర్ని కన్నాను," అంది. మళ్ళీ ఈగ వైపు చూసి, "ఇవి మన తులసి మీద కూడా వాలతాయి. ఆకు నాకుతూ కూర్చుంటయ్యి. అవీ మగవేనా?" అంది.

ఇది నాకు తెలియదు. వెతికి చదివితే, మన బుట్టలోని వాసనే తులసిలోనూ ఉందట. ఆ ఆకు నాకిన మగఈగకి ఆడఈగల దగ్గర గిరాకీ ఎక్కువట. డిగ్రీ ఉన్నది నాకు, ఇన్నేళ్ళుగా చూస్తున్నది ఆవిడ. ఆ తర్వాత ఈగలంటే నాకు మునుపటంత కోపం రాలేదు. వాటి పెళ్ళి గొడవ వాటిది.

రాలిన పళ్ళు కవర్లలో కట్టి ఎండలో పడేస్తే పురుగులు చస్తాయన్నాను. తినే వస్తువుని ప్లాస్టిక్‌లో కుళ్ళబెట్టటానికి ఆవిడ ఒప్పుకోలేదు. తనే ఒక దారి కనిపెట్టింది. ఈ ఏడు ఏప్రిల్‌లో మొదటి కాయ రాలినప్పట్నుంచీ, తన చెట్టు కిందా చుట్టుపక్కల చెట్ల కిందా రోజూ పొద్దున్నే ఏరి, గంగాళంలో ఉడికించి, చల్లారాక గేదెల కుడితిలో కలిపింది. పురుగూ చచ్చింది, పండూ కాలికింద పడలేదు. కోతవాళ్ళకి అన్నం వార్చే వేళకి ముందే ఆ పొయ్యి వెలిగేది. సాయం చేస్తానంటే నన్ను కాలేజీకి పొమ్మనేది. పాదు మట్టి నెలకోసారి తిరగేసి ఎండబెట్టాం. బుట్టలూ కట్టాం, ఈసారి బొట్టు లేకుండా.

జూన్ నెలాఖరున బావగారు స్వయంగా పది పళ్ళు కోయించి, చాకు తెచ్చుకుని కూర్చున్నారు. ఒక్కొక్కటీ చీల్చి చూశారు. రెండింట్లో పురుగుంది. ఆయన మిగతా ఎనిమిది మళ్ళీ తిప్పి చూసి, చాకు తుడుచుకుని, "ఉండనిద్దాం లే అమ్మా," అన్నారు.

రసం కాయని ఎవరూ కోసుకు తినరు. పిసికి, ముచ్చిక తీసి, జుర్రుతారు. లోపలేముందో కనబడదు గనక అత్తయ్య చాలా ఏళ్ళుగా ఆ పళ్ళని పళ్ళెంలో ముక్కలు చేసి, వెలుగులో వెతికి, బాగున్నంత మేర తినేది. ఆ రోజు చెట్టు కింద కొత్త పండొకటి తీసుకుని, రెండు చేతులా మెత్తగా పిసికి, ముచ్చిక తుంచి, చూడకుండా నోట్లో పెట్టుకుంది. రసం మోచేతి దాకా కారింది. టెంక తెల్లబడేదాకా చీకి, కొంగుతో మూతి తుడుచుకుని, నా వైపు చెయ్యి చాపింది.

"ఇంకోటివ్వమ్మాయ్."

నేనీ ఇంటికొచ్చిన పాతికేళ్ళలో ఆవిడ తన కోసం ఏదైనా అడగ్గా నేను వినటం అదే మొదలు.