రెండో చరణంలో మౌనం

మా చర్చి క్వయర్‌ను నడిపించే ఆవిడను అందరం ఈలక్క అంటాం. పాట ఎత్తుకునే ముందు శ్రుతి ఇవ్వడానికి ఆర్గన్ దాకా నడవడం దండగని, నిలబడ్డ చోటు నుంచే సన్నగా ఈల వేసి స్వరం అందిస్తుంది. పగలంతా కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు అరగదీసే పని. సాయంత్రమైతే మా గొంతులు అరగదీసే పని.

ఆమెకు నేర్చుకునే పిచ్చి. చిన్నప్పుడు చర్చి ఊడ్చే తల్లి వెంట వచ్చి, బెంచీ కింద నక్కి పాటలు వినేదట. అప్పటి క్వయర్ మాస్టారు వంగి చూసి, "దొంగచాటుగా ఎందుకే, పైకొచ్చి దర్జాగా నేర్చుకో" అని, ఆడవాళ్ళు కింది గొంతులో పాడే ఆల్టో వరసలో నిలబెట్టారు. పెళ్ళయ్యాక, పియానోలు బాగుచేసే ఒక పెద్దాయన దగ్గర చేరి, రెండు తీగలు కలవనప్పుడు పుట్టే వణుకును చెవితో పట్టడం నేర్చుకుంది. అందుకోసం ఆయన పనిముట్ల సంచీ కూడా మోసింది. వాళ్ళాయన ఇప్పటికీ దెప్పుతుంటాడు: "కూరగాయల సంచీ పట్టుకోమంటే మాత్రం నడుంనొప్పి!"

ఈమధ్య, మనవలు పుట్టాక, నొటేషన్ చదవడం మొదలుపెట్టింది. నేర్పేది సంగీత కళాశాలలో పాఠాలు చెప్పడానికి కొత్తగా చేరిన అమ్మాయి. ఆ పిల్ల ఈమెను "ఆంటీ" అంటుంది, ఈమె ఆ పిల్లను "టీచర్ గారూ, మీరు" అంటుంది. వినేవాళ్ళకే మొహమాటం.

ఊళ్ళోని క్వయర్లన్నీ కలిసి పాడే పెద్ద కచేరీ బాధ్యత ఆ అమ్మాయికే వచ్చింది. అందులో మమ్మల్ని నిలబెట్టాలన్నది ఈలక్కకు ఎన్నాళ్ళగానో ఉన్న కోరిక. మా పాట విందామని ఒక ఆదివారం ఆ అమ్మాయి వచ్చింది.

కృతజ్ఞతా కీర్తన ఎత్తుకున్నాం. రెండో చరణం నడుమ, అలవాటు ప్రకారం ఠక్కున ఆగి, తలలు వంచి, మళ్ళీ అందుకున్నాం. మాకు పేరు తెచ్చిన మౌనం అది. కొత్తగా చేరినవాళ్ళకు మొదట నేర్పేదీ అదే. ఆ మౌనంలో పైనుంచి ఏదో దిగివస్తుందని మంద్రస్థాయిలో బేస్ పాడే పోస్టుమాన్ కళ్ళనీళ్ళతో సాక్ష్యం చెప్పాడు కూడా. నాకైతే స్టవ్వు ఆర్పానా లేదా అన్న అనుమానం దిగివచ్చేది.

"అక్కడెందుకు ఆగారు, ఆంటీ?"

"మాస్టారు అలాగే నేర్పారు, టీచర్ గారూ."

"అదే, ఎందుకని?"

ఈలక్క పాటల పుస్తకం తిరగేసింది. కనపడ్డ ప్రతిదాన్నీ గుచ్చి గుచ్చి అడిగే మనిషికి, ఇది అడగాలని ఇన్నేళ్ళలో తట్టనేలేదు.

"పుస్తకంలో ఇక్కడ ఆపు లేదాంటీ. కచేరీలో అందరూ పాడుకుంటూ పోతుంటే మీరొక్కరే ఆగిపోతారు. వచ్చే ఆదివారానికి సర్దుకోకపోతే, మిమ్మల్ని తీసుకోలేను."

ఆ పిల్ల గడప దాటగానే రభస మొదలైంది.

"మాస్టారు పెట్టిన మౌనం తీసేస్తే నేను పాడను. బేస్ వరసంతా నాతోనే వచ్చేస్తుంది," అన్నాడు పోస్టుమాన్. బేస్ వరసంటే అతనూ, అతని బావమరిదీ.

ఈలక్క ఎవరితోనూ వాదించలేదు. మర్నాడు నన్ను తోడు తీసుకుని మాస్టారి దగ్గరికి బయల్దేరింది. ఆయన కూతురింట్లో, మేడ మీది గదిలో, రేడియోకి చెవి ఆనించి కూర్చుని ఉన్నారు.

"మాస్టారూ, కృతజ్ఞతా కీర్తనలో ఆ మౌనం ఎందుకు పెట్టారు?"

"ఏ మౌనం?" అని ఆయన సన్నగా పాట అందుకున్నారు. సరిగ్గా అక్కడికి రాగానే తల వంగింది. బొటనవేలు పైపెదవి కిందికి పోయింది.

"ఓ, ఇదా! అప్పుడే కొత్తగా కట్టుడు పళ్ళు పెట్టించుకున్నానే. అక్కడ నోరు బాగా తెరవాలి. తెరిస్తే పైవరస జారేది. తోసుకునేదాకా ఆగేవాణ్ణి. మీరూ ఆగుతుంటే, పాపం, నా కోసం ఆగుతున్నారు, మర్యాద తెలిసిన పిల్లలు అనుకున్నా."

ఈలక్క నవ్వు ఆపుకోలేక కిటికీ పట్టుకుంది. అంతలోనే ముఖం వాడిపోయింది. "ఇది వాళ్ళకెలా చెప్పను మాస్టారూ? మిమ్మల్ని చూసి నవ్వుతారు."

"నవ్వనీవే! నేనే చెప్తా. నన్ను కిందికి దింపండి చాలు."

శనివారం రిహార్సల్‌కి కుర్చీతో సహా మోసుకొచ్చాం. ఆయన పళ్ళు తీసి, రుమాలు మీద పెట్టి, పోస్టుమాన్ ముందుకు చాచారు.

"ఇవేనయ్యా, పైనుంచి దిగివచ్చింది."

పోస్టుమాన్ చెవులు ఎర్రబడ్డాయి. ముందుగా అతని బావమరిది కిసుక్కుమన్నాడు. చివరికి అందరికన్నా గట్టిగా నవ్వింది పోస్టుమానే. ఆ సాయంత్రం తలలు వాటంతటవే వంగబోతుంటే మాస్టారు కుర్చీ చెయ్యి మీద చరుస్తూ మమ్మల్ని దాటించారు.

ఆదివారం కూడా మాస్టారిని మోసుకొచ్చాం. ఆ అమ్మాయి కళ్ళు మూసుకుని విన్నది. "కచేరీలో రెండో వరసలో నిలబడండి," అంది. ఈలక్క వెనక్కి తిరిగి కళ్ళజోడు తుడుచుకుంది, అద్దాలు శుభ్రంగానే ఉన్నా.

అందరం చప్పట్లు కొట్టి, సంచులు సర్దుకుంటున్నాం. ఈలక్క మాత్రం మాస్టారి పక్కకు కుర్చీ లాక్కుంది.

"మరి ముగింపు కీర్తనలో ఆ సాగదీత? అదీ పళ్ళేనా?"

మాస్టారు ఆలోచనలో పడ్డారు. "కాదే. అది మా గురువుగారు నేర్పింది. ఎందుకో నేనూ అడగలేదు."

"టీచర్ గారూ, మీరూ ఇలా కూర్చోండి," అంది ఈలక్క, పక్క కుర్చీ మీది పుస్తకాలు తీసేస్తూ. "మాస్టారూ, ఒకసారి పాడండి. మెల్లిగా."