పదకొండు గంటల చొక్కా

మా బావ ముప్పై ఒక్క ఏళ్లు ఒకే బల్ల ముందు నిలబడి బట్టలు ఇస్త్రీ చేశాడు. ఆయన పెట్టిన ప్యాంటు మడత మీద వేలు పెడితే తెగుతుందని వీధిలో వాళ్లు హాస్యమాడేవారు. అలా ఆయనకి గీతల మాస్టారని పేరు పడింది. మనిషికి ముక్కు మీదే కోపం. ఎవరైనా చొక్కాను ఉండచుట్టి సంచీలో కుక్కి తెస్తే, దాన్ని విప్పి దులిపి, "ఇది తొడుక్కున్నారా, నమిలి ఉమ్మేశారా?" అని మొహం మీదే అడిగేవాడు. అయినా వాళ్లు మళ్లీ ఆయన దగ్గరికే వచ్చేవారు.

నన్ను ఆ ఇస్త్రీ దుకాణంలో చేర్చింది ఆయనే. చేరిన వారంలోనే ఒక తెల్ల చొక్కా కాలరు మాడ్చాను. యజమాని కంట పడకముందే బావ దాన్ని లాక్కుని, తడిగుడ్డతో రుద్ది రుద్ది మరక పోగొట్టి మడత పెట్టేశాడు. "పక్క బల్లవాడి తప్పు మనమే కప్పాలిరా. యజమాని దాకా పోనివ్వకూడదు" అన్నాడు. పద్దెనిమిదేళ్లు మా ఇద్దరి మధ్యా అదే కట్టుబాటు. దాన్ని నేను మంచితనమనే అనుకున్నాను.

ఆ రోజు హోటలు పనివాళ్ల చొక్కాలు రెండు మూటలు వచ్చాయి. మాకు టీ వచ్చిందంటే పదకొండయిందని లెక్క. గ్లాసు అందుకోబోతూ బావ మడత పెట్టిన చొక్కా చూశాను. కుడివైపు ఒక్క ముడత లేదు. ఎడమవైపు మాత్రం మూటలోంచి తీసినప్పుడు ఎలా ఉందో అలాగే ఉంది. దాని కింద చొక్కా కూడా అంతే. ఆయన టీ గ్లాసు ఎడమ పక్కన చల్లారిపోతోంది. ఆయనేమో ఇంకా టీ రాలేదేమిటని విసుక్కుంటున్నాడు.

"ఏం బావా, అక్కతో పోట్లాడి వచ్చావా? చొక్కాలు సగం సగం చేస్తున్నావు" అన్నాను.

"నాకేమైందిరా, బాగానే చేస్తున్నా."

ఆ మాట ముద్దముద్దగా వచ్చింది. నిద్ర చాలలేదేమో అనుకున్నాను. యజమాని వచ్చే వేళయింది. గబగబా ఆ చొక్కాలు నా బల్ల మీదికి లాక్కుని, మిగిలిన సగాలు నేను ఇస్త్రీ చేసి, మళ్లీ ఆయన దొంతరలోనే పెట్టాను. రెండింటి దాకా అదే పని. మొత్తం తొమ్మిది చొక్కాలు.

రెండు గంటలకి ఏదో మాడిన వాసన వచ్చింది. చూస్తే బావ ఎడమ చెయ్యి బట్ట మీద పరిచి ఉంది, ఆ వేళ్ల మీద ఇస్త్రీ పెట్టె ఉంది. ఆయన కుడివైపు కిటికీలోంచి వీధిలోకి చూస్తున్నాడు. నేను కేక వేసి పెట్టె లాగేశాను. వేళ్లు కుళాయి కింద పెట్టాం, వీధి చివర క్లినిక్కుకి తీసుకెళ్లాం. అక్కడి కాంపౌండరు మందు రాసి కట్టు కట్టాడు. "ఇంత కాలినా అరవలేదంటే గట్టి ప్రాణమే" అని మెచ్చుకున్నాడు కూడా. ఇంతమందిమి ఆ వేళ్ల చుట్టూ మూగాం. నొప్పి ఎందుకు తెలియలేదని అడగాలని ఒక్కరికీ తోచలేదు. తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

ఇంటికి తీసుకెళ్తే గుమ్మానికి ఎడమ భుజం గుద్దుకున్నాడు. నోరు కాస్త పక్కకి జారింది. కాలిన బాధకి మొహం అలా పెట్టాడనుకుంది అక్క. "మీకు పరధ్యానం ఎక్కువైంది. కాసేపు పడుకోండి" అని దుప్పటి కప్పింది. నేను మళ్లీ పనిలోకి పోయాను.

అయిదింటికి లేపితే ఆయన లేవలేకపోయాడు. ఎడమ కాలు మాట వినలేదు. అక్క అంబులెన్స్‌ని పిలిచి, తర్వాత నన్ను పిలిచింది.

ఆస్పత్రిలో డాక్టరమ్మ ఆయన్ని నవ్వమంది, రెండు చేతులూ ఎత్తమంది, ఒక మాట చెప్పించుకుంది. పక్షవాతమంది, ఎడమవైపు ఉన్నదేదీ ఆయనకి తెలియడం లేదంది. స్కాన్ చూశాక నా వైపు తిరిగింది.

"ఎన్నింటి నుంచి ఇలా ఉన్నారు?"

"రెండింటికి చెయ్యి కాలిందండీ, అప్పటినుంచి."

"అయితే ఇంకా టైముంది. మెదడులో రక్తం గడ్డ అడ్డుపడింది. నాలుగున్నర గంటల లోపయితే దాన్ని కరిగించే మందు ఇవ్వచ్చు." నర్సు మందు కోసం కదిలింది. అక్క నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"రెండింటికి ముందు ఏ తేడా లేదు కదా? బాగా గుర్తు చేసుకుని చెప్పండి. గడువు దాటాక ఈ మందు ఇస్తే మెదడులో రక్తం కారి మనిషే పోవచ్చు."

అబద్ధం చెబితే ఆయన్ని చంపినవాణ్ణవుతాను. నిజం చెబితే మందు అందదు.

"పదకొండుకే తేడా చూశానండీ. మాట కూడా ముద్దగా వచ్చింది" అన్నాను.

డాక్టరమ్మ నర్సును ఆపేసింది. రక్తనాళంలోకి గొట్టం పంపి గడ్డను లాగే దారి కూడా ఈయనకి పనికిరాదని చెప్పింది. నన్ను తిట్టలేదు. "మూతి వంకరపోయినా, చెయ్యి వాలినా, మాట తడబడినా, ఏ ఒక్కటి కనిపించినా టైము చూసుకుని వెంటనే తీసుకురావాలి. పడుకుంటే పోతుందనుకోకూడదు" అంది. అది పొద్దున వినాల్సిన మాట.

వరండాలో అక్క అడిగింది. "పదకొండుకే చూశావా?"

"చూశానక్కా."

"చూసి ఏం చేశావు?"

"మిగతా సగం నేను ఇస్త్రీ చేశాను."

ఆమె తిరిగి బావ దగ్గరికి వెళ్లిపోయింది.

పన్నెండో రోజు బావని ఇంటికి తెచ్చాం. కుర్చీలో కూర్చోబెడితే, తన ఒళ్లో పడి ఉన్న ఎడమ చేతిని చాలాసేపు ఎగాదిగా చూశాడు. అలా కొందరికి జరుగుతుందని డాక్టరమ్మ ముందే చెప్పింది, సొంత చెయ్యి తనది కాదనిపిస్తుందట.

"ఎవరిదిరా ఈ చెయ్యి? బరువుగా ఉంది, తీసెయ్యి" అన్నాడు కోపంగా.

అక్క వంటింటి గుమ్మంలో నిలబడి వింటోంది.

"నాదే బావా" అని, దాన్ని రెండు చేతులతో ఎత్తి దిండు మీద పెట్టాను.