చెనిక్కాయ పొట్టు పేపర్

పెనుకొండలోని ఆ ప్రైవేటు డిగ్రీ కాలేజీలో కెమిస్ట్రీ చెప్పేది ఇద్దరు. మంజులతది ధర్మవరం, పట్టు నేసే ఇల్లు. భర్త మనోహర్‌కు ఎర్రమంచి కార్ల ఫ్యాక్టరీలో ఉద్యోగం కాబట్టి పెనుకొండలోనే కాపురం. హారికది హిందూపురం, బట్టల అంగడి వాళ్ళమ్మాయి. రోజూ బస్సులో వచ్చిపోతుంది. వయసులో మంజులత కంటే చిన్నది. చిన్నదైతేనేం, ఆ మధ్య మీటింగులో ప్రిన్సిపాల్ పేరు పెట్టి పొగిడింది హారికనే. ఆమె పరిశోధన పేపర్‌ను ఎక్కడెక్కడివాళ్ళో చదువుతున్నారట. ఆ మాట చెవిన పడినప్పటి నుంచి మంజులతకు అన్నం సయించడం లేదు.

ఎందుకంటే ఇద్దరూ పట్టుకున్నది ఒకటే సంగతి. దారాలకు రంగులేశాక మిగిలే నీళ్ళను శుభ్రం చేయడం. హారిక చింతగింజల పొడి వాడింది. మంజులత చెనిక్కాయ పొట్టును, అంటే వేరుశనగ తొక్కలను కాల్చి, ఆ బొగ్గు వాడింది. అసలామె ఈ పనిలోకి దిగింది కూతురి వల్ల. పుట్టింటికి పోతే చాలు, పాప వీధి కాలువలో పారే ఎర్రనీళ్ళ దగ్గరికే పరుగెత్తేది. ఒకసారి అరచేతులు పొక్కిపోతే, అవి మానేదాకా తల్లికి పాఠం మీద మనసు నిలవలేదు.

ఆమె పుట్టింట్లో ఒక పద్ధతి ఉంది. మగ్గం మీద కొత్త రకం అంచు పడితే, ఎవరొచ్చినా ముందు దుప్పటి కప్పేస్తారు. మొదటి చీర అమ్ముడుపోయేదాకా పక్కింటివాళ్ళకు కూడా చూపరు. పేపర్ విషయంలోనూ మంజులత అదే చేసింది. పక్క కుర్చీలోని హారికకు మాటమాత్రం చెప్పకుండా పేరున్న విదేశీ పత్రికకు పంపింది. హక్కులన్నీ వాళ్ళకు రాసిచ్చింది. అచ్చయింది. కానీ చదవాలంటే చందా ఉండాలి. ప్రభుత్వ విద్యాసంస్థలకైతే దేశమంతటికీ కలిపి ఒకే చందా వచ్చింది, వీళ్ళ ప్రైవేటు కాలేజీకి అదీ లేదు. ఆమె పేపర్ ఆమె కాలేజీలోనే తెరుచుకోదు. పంచితే కేసవుతుందేమోనన్న భయంతో, రంగులేసే సొంత అన్నకు కూడా కాపీ ఇవ్వలేదు.

హారిక మాత్రం మన దేశంలోనే ఒక సంఘం నడిపే చిన్న పత్రికలో వేసింది. అక్కడ రాసేవాళ్ళూ ఏమీ కట్టక్కర్లేదు, చదివేవాళ్ళూ కట్టక్కర్లేదు. ఊరికే ఇచ్చేదానికి విలువేముంటుందని అప్పట్లో మంజులత స్టాఫ్‌రూములో అందరూ వినేలా అంది. ఇప్పుడు అలాంటి పత్రికలే పెరుగుతున్నాయి. యూనివర్సిటీలు థీసిస్‌లను సైతం అందరికీ తెరిచి పెడుతున్నాయి. హారిక నోట ఎప్పుడూ ఆ కబుర్లే. మొదలుపెట్టిందంటే మంజులత అటెండెన్స్ రిజిస్టరు తీసుకుని లేచిపోయేది.

ఒక ఆదివారం ధర్మవరం పోయింది. అన్న కుమారస్వామి పెరట్లో కొత్త డ్రమ్ము కనిపించింది. మూత తీసి చూస్తే లోపల చింతగింజల పొడి.

"ఇది నీకెవురు చెప్పినారన్నా?"

"మీ కాలేజీ మేడమే అంట, హారిక అని. ఫోన్లో దొరికింది. మా రంగులోళ్ళ గ్రూపులో అందరం చూసినాం. పక్కింటి టీచరమ్మ అర్థం చెప్పింది."

"నాది వెతకలేదా?"

"వెతక్కుండా ఉంటానా? నీది తెరిస్తే దుడ్లు కట్టమంటాది. చెల్లెలి పేపరుకు నీకే టికెట్టా అని గ్రూపులో ఒగటే నవ్వులు."

మంజులత డ్రమ్ముకు మూత పెట్టేసింది. అన్న తన ధోరణిలో తాను చెప్పుకుపోతున్నాడు. ఎరుపు బాగా పోతాందంట, నలుపు మాత్రం కదలడం లేదంట. ఆ మాట వినగానే ఆమెకు ముందు కలిగింది సంతోషమే. హారికది నలుపు దగ్గర ఓడిపోయింది. నలుపును తీసేది తన బొగ్గే అన్న సంగతి ఆ తరువాత గుర్తొచ్చింది. పాప అప్పటికే కాలువ అంచున కూర్చుని నల్లనీళ్ళలో పుల్ల ఆడిస్తోంది.

సోమవారం హారికను అడగడానికి మనసొప్పక మధ్యాహ్నం దాకా తిరిగింది. తన పేపర్‌ను అందరికీ తెరిచే దారేమైనా ఉందా అని చివరికి అడిగింది. హారిక వెంటనే ఆ విదేశీ పత్రిక నియమాలు తీసి చూపించింది. అచ్చయిన ఏడాది తరువాత, రచయిత తన దగ్గరున్న చివరి రాతప్రతిని నెట్‌లో అందరూ చదువుకునే చోట పెట్టుకోవచ్చు. ఏడాది దాటి చాలా రోజులైంది.

"ఇది నీకు ముందే తెలుసా?"

"తెలుసక్కా. చెప్పబోతే నువ్వు లేచిపోతావు కదా," అని నవ్వింది హారిక. "నీది చదవను దొరికింటే నా పేపర్లో నీ పేరు రాసేదాన్ని. వెతికినా, దొరకలేదు."

ఆ సాయంత్రమే ఇద్దరూ కూర్చుని పేపర్ ఎక్కించారు. మంజులత లింకు అన్నకు పంపింది. గ్రూపులో ఎవరెవరు చూశారో తెలుసుకోవాలని ఆయనకు గంటకోసారి ఫోన్ చేసింది.

వారం తిరక్కముందే అన్నే చేశాడు. మంజులత ఫోన్ పట్టుకుని స్టాఫ్‌రూములోంచి వరండాలోకి నడిచింది.

"ఆదివారం పొట్టు కాలుస్తాండామమ్మా. రంగులోళ్ళంతా వస్తాండారు. ఆ మేడమ్‌ను గూడా పిల్చుకోని రా. ఎరుపుకు ఆమెది, నలుపుకు నీది, ఒగేసారి చూస్తాం."

"ఆమెకు ఆదివారం తీరికుండదులేన్నా," అంది మంజులత, హారికను అడక్కుండానే.