నేల మీద కూర్చునే మనిషి

ఈ మాట ఇన్నేళ్లూ నా గొంతులోనే ఉండిపోయింది. మీరెవరో నాకు తెలియదు. అందుకేనేమో మీకు చెప్పగలుగుతున్నాను.

వేలూరులో కొత్త కట్టడాలు పుట్టగొడుగుల్లా లేస్తున్న రోజులు. నడుము దెబ్బతిన్నవాళ్ల ఇళ్లకు ఒక సంస్థ తరఫున వెళ్లి సాయం చేసే ఉద్యోగం నాది. గుడియాత్తం పక్క పల్లెలో మునిరత్నం అనే మేస్త్రీ ఉండేవాడు. గోడ కడుతూ సారం కొయ్యల మీద నుంచి పడి రెండు కాళ్లూ చచ్చుబడ్డాయి. మేమిచ్చిన చక్రాల కుర్చీ గోడ పక్కన ఉండేది, ఆయన చాప మీద ఉండేవాడు. ఎందుకని అడిగాను.

“మా నాయన నేల మింద కూచోనుంటే నేను కుర్చీలో యెట్ల కూచునేదమ్మా? చిన్న పలకకు చక్రాలు బిగించి, పైన మెత్త వేసి ఇమ్మని మీ సారుకు చెప్పు. మన ఇండ్ల సంగతి నీకు తెలుసు గదా.”

తెలుసు. మా మామ ఎదుట నేనూ కుర్చీలో కూర్చునేదాన్ని కాదు.

ఆ వారం ఆఫీసు మీటింగులో మా సారు ఇంగ్లీషులో పాఠం చెప్పారు. మనిషి ఆచారాలను తెలుసుకుని, వాటికి తగ్గట్టు సాయం చేయాలట. అందరితోపాటు నేనూ తలూపాను. తర్వాత ఆయనే అడిగారు, మునిరత్నం కుర్చీ ఎందుకు వాడడం లేదని. ఒక్క మాట చెప్తే సరిపోయేది. చెప్తే నేనూ పల్లెటూరి దాన్నేనని తేలిపోతుందని సిగ్గుపడ్డానా? అంతే. వేరే కారణం వెతికి వెతికి విసిగిపోయాను, లేదు.

“ఆయనకే ఇష్టం లేదు సార్,” అన్నాను.

కుర్చీ ఇంకొకరికి పోయింది. మా రాకపోకలూ ఆగిపోయాయి. ఆ మీటింగు రోజు సాయంత్రం ఇంటికి వెళ్లి, మామ ఎదుట ఎప్పటిలాగే నేల మీద కూర్చున్నాను. తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే ఒళ్లు మండుతుంది.

కొన్ని నెలలకు మనసు ఊరుకోక చూడబోయాను. చాప మీదే ఉన్నాడు. మెత్త లేని నేల ఒత్తిడికి నడుము కింద పెద్ద పుండు పడింది.

“చెప్పినావా అమ్మా?”

“చెప్పినానన్నా. వాళ్లే ఒప్పుకోలేదు.”

“పోనీలేమ్మా. నువ్వైనా నాకోసరం అడిగినావు.”

ఆ పుండుతోనే పోయాడు. నేను అడిగానని నమ్మే పోయాడు. పలక ఇచ్చి ఉంటే బతికేవాడా? తెలియదు. ఆ ప్రశ్న వెనక దాక్కోవడం కూడా ఇక నా వల్ల కాదు.

నేను అడగలేదు.